మర్రి ఊడల నుంచి బెలూం గుహల దాకా: పిల్లాపాపలతో నాలుగు రోజుల కారు ప్రయాణానికి సమగ్ర మార్గదర్శి

బెలూం గుహల్లో కొంత లోపలికి వెళ్ళాక ఒకచోట కప్పుకీ నేలకీ మధ్య బలమైన రాతి స్తంభం, దాని చుట్టూ పైనుంచి దిగిన రాతి ఊడలు కనిపిస్తాయి. అక్కడివాళ్ళు దాన్ని ఊడలమర్రి అంటారు. నిజం మర్రిని ముందురోజు చూసొచ్చిన పిల్లలు అక్కడ ఆగి తలెత్తి చూస్తారు. చూడనివాళ్ళు "ఇంకా ఎంత దూరం?" అంటూ దాటిపోతారు. ఈ నాలుగు రోజుల ప్రయాణాన్ని ఆ తేడాను బట్టే అల్లాం: మొదట పాలమూరు (మహబూబ్‌నగర్) పిల్లలమర్రి, తర్వాత యాగంటి, బెలూం గుహలు, చివరికి కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను. ఈ వరస మార్చొద్దు. తిమ్మమ్మ మర్రిమానును ముందే చూసేస్తే తర్వాత ఏ చెట్టైనా చిన్నగానే కనిపిస్తుంది.

బయల్దేరేది హైదరాబాద్ నుంచి అనుకుని లెక్కలు వేశాం. రానూపోనూ సుమారు 1,100 కిలోమీటర్లు. బెంగళూరు నుంచి వచ్చేవాళ్ళు ఇదే దారిని తిరగేసుకోవచ్చు గానీ, అప్పుడు మొదటి మజిలీ తిమ్మమ్మ మర్రిమాను అవుతుంది. అలాంటప్పుడు పిల్లలమర్రి దాకా రాకుండా బెలూం దగ్గరే వెనక్కి తిరగడం మేలు.

ముందుగా: ఏ నెలలో, ఎంతమందితో

నవంబరు చివరి వారం నుంచి ఫిబ్రవరి మధ్య దాకా బాగుంటుంది. అక్టోబరు, నవంబరు మొదటి భాగంలో రాయలసీమలో ఈశాన్య రుతుపవనాల వానలు పడతాయి. బెలూం భూమి కింద ఉన్న గుహ, దాని ద్వారం ఒక గొయ్యి. వాన గట్టిగా కురిసిన వారంలో వెళ్ళేట్టయితే లోపలికి పంపుతున్నారో లేదో ఏపీ టూరిజం వాళ్ళకు ఫోన్ చేసి కనుక్కున్నాకే బయల్దేరండి. ఏప్రిల్, మే నెలల్లో ఈ ప్రయాణం పెట్టుకోవద్దు. బయట ఎండ ఒక ఎత్తు, గుహలో ఉక్క మరో ఎత్తు.

కార్తీక సోమవారాల్లో యాగంటి కిటకిటలాడుతుంది. శివరాత్రికి యాగంటిలోనే కాదు, తిమ్మమ్మ మర్రిమాను దగ్గరా జాతర జరుగుతుంది. జాతర చూడాలనుకుంటే సరే, చెట్టు చూడాలనుకుంటే ఆ రోజులు వదిలేయండి. డిసెంబరు, జనవరి నెలల్లో బడిపిల్లల విహారయాత్రల బస్సులు బెలూంకు వరసకడతాయి. ఆ నెలల్లో వెళ్తే బెలూం రోజు మంగళ, బుధవారాల్లో పడేట్టు చూసుకోండి.

ఒక కారులో ఇద్దరు పెద్దవాళ్ళు, ఇద్దరు పిల్లలు, ఒక అమ్మమ్మో తాతయ్యో ఉంటే సుఖంగా సాగుతుంది. బండి నడపగలిగిన పెద్దవాళ్ళు ఇద్దరుండాలి. నాలుగో రోజు తిరుగు ప్రయాణం 450 కిలోమీటర్ల పైచిలుకు. అది ఒక్కరి మీద పెట్టకూడదు.

బండిలో ఏం పెట్టుకోవాలి, ఏం చూసుకోవాలి

టైర్లలో గాలి బయల్దేరే రోజు తెల్లవారుజామున, బండి చల్లగా ఉన్నప్పుడు కొట్టించండి. ఎంత కొట్టించాలో డ్రైవరు తలుపు అంచున అంటించిన స్టిక్కరు మీద ఉంటుంది. అందులో నిండు లోడుకు వేరే అంకె ఇచ్చి ఉంటుంది, మీరు వాడాల్సింది అదే. స్టెప్నీలో గాలి చూడటం మరిచిపోవడమే అందరూ చేసే పొరపాటు. నాలుగు టైర్లూ చూసి ఐదోదాన్ని వదిలేస్తే, సరిగ్గా నాపరాళ్ళ గనుల దారిలో పంక్చరైనప్పుడు అది సగం గాలితో బయటికి వస్తుంది. జాకీ కింద వేసుకోవడానికి అడుగు పొడవు, అడుగు వెడల్పు చెక్కపలక ఒకటి డిక్కీలో పడేయండి. రోడ్డు పక్కన మెత్తటి మట్టిలో జాకీ దిగబడిపోతుంది. కూలెంటు మట్టం, అద్దం తుడిచే బ్లేళ్ళు, వాషరు నీళ్ళు కూడా చూసుకోండి. కొలిమిగుండ్ల, తాడిపత్రి చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీల లారీలు లేపే తెల్లటి దుమ్ము అద్దం మీద పొరలా కడుతుంది. పొడి బ్లేడుతో తుడిస్తే గాజు మీద గీతలు పడతాయి.

ఐదుగురికి కావలసిన సామాను ఇది:

- 20 లీటర్ల నీళ్ళ క్యాను ఒకటి, మనిషికో లీటరు సీసా. క్యాను రోజూ రాత్రి బస దగ్గర నింపుకోవాలి.
- ఓఆర్ఎస్ పొట్లాలు 8. గుహ నుంచి బయటికి వచ్చాక, తిరుగు ప్రయాణంలో పనికొస్తాయి.
- మనిషికి రెండు జతల పల్చటి నూలు బట్టలు అదనంగా. బెలూంలో ఒక జత తడిసి ముద్దవుతుంది.
- చిన్న టార్చిలైట్లు రెండు. ఫోను లైటు ఉందిగా అనుకోవద్దు. ఫోటోలు తీసీ తీసీ చార్జింగు అయిపోయేది గుహలోనే.
- వెనక పట్టీ ఉన్న, అడుగు జారని చెప్పులు. యాగంటిలో విప్పాలి, బెలూంలో వేసుకోవాలి కాబట్టి లేసులున్న బూట్లకంటే ఇవే నయం.
- వాంతుల సంచులు 10, తడి తువ్వాలు ఒకటి, ఎవరి మందులు వాళ్ళకు.
- 10, 20, 50, 100 రూపాయల నోట్లు కొన్ని. పార్కింగు, కొబ్బరికాయ, మజ్జిగ దగ్గర చిల్లర అక్కరకొస్తుంది.
- రెండు నిమ్మకాయలు, ఒక చిన్న మేకు. ఎందుకో రెండో రోజు చెబుతాం.

ఫాస్టాగ్‌లో డబ్బు ముందే వేసుకోండి. దారి మొత్తం మ్యాపును ఫోనులో దించుకోండి. తిమ్మమ్మ మర్రిమాను ఉన్న నంబులపూలకుంట వైపు వెళ్ళాక సిగ్నలు మీద ఆధారపడకూడదు.

మొదటి రోజు: హైదరాబాద్ – పిల్లలమర్రి – నంద్యాల (సుమారు 300 కి.మీ.)

ఉదయం ఆరింటికల్లా ఊరు దాటాలి. 44వ నెంబరు జాతీయ రహదారి మీద జడ్చర్ల దాకా వచ్చి అక్కడ కుడివైపు మహబూబ్‌నగర్ దారి పట్టండి. పిల్లలమర్రి పట్నానికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉంది. టిఫిను మహబూబ్‌నగర్‌లో ముగించుకుని తొమ్మిది, తొమ్మిదిన్నరకు చెట్టు దగ్గరికి చేరేట్టు చూసుకోండి.

ఈ మర్రి వయసు ఏడెనిమిది వందల ఏళ్ళంటారు. మూడెకరాలకు పైగా పరుచుకుంది. ఇక్కడ పిల్లలకు చూపించాల్సింది చెట్టు ఎంత పెద్దదో కాదు, దానికి జరిగిన వైద్యం. 2017 డిసెంబరులో ఒక పెద్ద కొమ్మ విరిగి పడింది. చూస్తే చెదలు లోపల్లోపల తినేశాయి. అటవీశాఖ వాళ్ళు క్లోరోపైరిఫాస్ అనే చెదల మందును నీళ్ళలో కలిపి, ఆసుపత్రిలో రోగికి ఎక్కించినట్టే సెలైన్ సీసాలు వేలాడదీసి చుక్కచుక్కగా మాను లోపలికి ఎక్కించారు. బరువు మోయలేని కొమ్మల కింద ఆనుకోవడానికి కాంక్రీటు దిమ్మెలు కట్టారు. జనాన్ని కొన్నేళ్ళపాటు దూరం పెట్టారు కూడా. ఇప్పటికీ కంచె దాటి వెళ్ళనివ్వకపోతే వాదించకండి. ఏళ్ళ తరబడి సందర్శకుల కాళ్ళ కింద నేల బిగిసిపోతే వేళ్ళకు గాలి, నీరు అందవు. జనం ఊడలు పట్టుకుని ఊగితే వాటి లేత కొస నలిగి అక్కడితో ఆగిపోతుంది. చెట్టు బలం ఊడల్లోనే ఉంది కాబట్టి ఆ నష్టం మళ్ళీ పూడదు.

పిల్లలతో ఇక్కడ ఒక పని చేయించండి. కంచె ఇవతలి నుంచే మూడు రకాల ఊడల్ని వెతకమనండి: గాలిలో తేలాడే దారంలాంటిది, నేలను తాకి బిగిసిన తాడులాంటిది, ముదిరి మానైపోయినది. నేలను అందుకోని ఊడ గాలికి ఊగుతూ ఉంటుంది. ఒక్కసారి మట్టిలో వేరుపట్టిందంటే ముడుచుకుని బిగుసుకుంటుంది, ఆ తర్వాత లావెక్కడం మొదలవుతుంది. ఏది మొదటి మానో ఏది ఊడో గుర్తుపట్టలేని దశ చివరిది. ఈ మూడు దశలు కంటికి పట్టాయంటే బెలూంలో చూడబోయేదానికి పిల్లలు సిద్ధమైనట్టే.

చెట్టు ఆవరణలో దర్గా ఉంది, పక్కనే పురావస్తు మ్యూజియం ఉంది. గంటన్నర మించి ఉండొద్దు. తిరిగి హైవే ఎక్కడానికి జడ్చర్లకు వెనక్కి వెళ్ళక్కర్లేదు. మహబూబ్‌నగర్ నుంచి నేరుగా భూత్పూర్ వెళ్తే అక్కడే 44వ నెంబరు రహదారి తగులుతుంది. బీచుపల్లి దగ్గర కృష్ణ, కర్నూలు దగ్గర తుంగభద్ర దాటుతారు. భోజనం కర్నూలులో.

కర్నూలు నుంచి నంద్యాల దారిలో ఓర్వకల్లు దగ్గర రోడ్డు పక్కనే రాక్ గార్డెన్ ఉంది. నీటిమడుగుల మధ్య నిలువుగా చీలిన బండలు. మూడు తర్వాత చేరితే ఎండ తగ్గి ఉంటుంది. ముప్పావు గంట నడిపించండి, కారులో కూర్చున్న కాళ్ళు సాగుతాయి. నీటి అంచున రాళ్ళు జారతాయి, చిన్నపిల్లల చెయ్యి వదలొద్దు. రాత్రికి నంద్యాలలో లాడ్జీలు తేలిగ్గా దొరుకుతాయి. యాగంటిలోనే ఏపీ టూరిజం గదులు దొరికితే ఇంకా మంచిది, పొద్దున్నే గంట ప్రయాణం తగ్గుతుంది.

రెండో రోజు: యాగంటి – బెలూం – తాడిపత్రి (సుమారు 140 కి.మీ.)

దూరం తక్కువ, పని ఎక్కువ. ఉదయం ఏడింటికి యాగంటిలో ఉండాలి. బనగానపల్లె దాటి పన్నెండు పదమూడు కిలోమీటర్లు కొండల మధ్యకు వెళ్ళాలి. ఉమామహేశ్వరుడి దర్శనం, బసవన్నను చూడటం, పుష్కరిణి అయ్యాక కొండలోని గుహలు. అగస్త్యుడి గుహకు మెట్లు నిటారుగా ఉంటాయి. ఎక్కడం పిల్లలకు ఆట, దిగడం పెద్దవాళ్ళకు మోకాళ్ళ పరీక్ష. అందుకని మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఇక్కడ కింద కూర్చోవడమే మంచిది. వాళ్ళ బలం బెలూంకు దాచుకోవాలి. వెంకటేశ్వరస్వామి గుహ, వీరబ్రహ్మంగారి గుహ కూడా దగ్గర్లోనే ఉన్నాయి. యాగంటి బసవన్న పెరుగుతున్నాడనీ, కలియుగాంతంలో రంకె వేస్తాడనీ మన పెద్దలు చెప్పే మాట పిల్లలకు అక్కడే చెప్పండి. కోతులు ఎక్కువ. కొబ్బరి చిప్పలు, బిస్కెట్లు చేతిలో కనబడనివ్వొద్దు.

తొమ్మిదింటికి బనగానపల్లెలో టిఫిను. తేలిగ్గా తినండి. కడుపునిండా తిని బెలూంలో దిగితే ఉక్కకు తల తిరుగుతుంది. అక్కడి నుంచి అవుకు మీదుగా కొలిమిగుండ్ల, ఆపైన బెలూం. ఈ దారి పొడవునా నాపరాళ్ళ గనులు కనిపిస్తాయి. పొలాల గట్లకు నిలువుగా పాతిన పలకలు, ఇళ్ళ గోడలకూ కప్పులకూ అవే పలకలు. ఒకచోట బండి రోడ్డు దిగి ఆపి నిమ్మకాయలు, మేకు బయటికి తీయండి. కిందపడి ఉన్న నాపరాయి ముక్క ఒకటి తీసుకుని మేకుతో గీకి కొంచెం పొడి చేయండి. ఆ పొడి మీద నాలుగు చుక్కల నిమ్మరసం పిండి, చెవి దగ్గర పెట్టుకుని చూడమనండి. సన్నటి బుడగలు లేస్తాయి. నాపరాయి సున్నపురాయి జాతిది. పులుపు తగిలితే కరుగుతుంది. వాననీరు గాలిలోంచీ మట్టిలోంచీ బొగ్గుపులుసు వాయువును కలుపుకుని అతి తక్కువ పులుపు తెచ్చుకుంటుంది. ఆ నీరే లక్షల ఏళ్ళు బీటల్లోంచి పారి రాతిని కరిగించుకుంటూ పోయిన దారి బెలూం. రాయిని గీకకుండా నున్నటి పలక మీద పిండితే బుడగలు కనిపించకపోవచ్చు, అందుకే మేకు. ఈ ప్రయోగం ఇక్కడే, గుహలో చేయకూడదు.

బెలూంలో దిగడం: అడుగడుగునా

గుహలు 3,229 మీటర్ల పొడవున్నట్టు కొలిచారు. అందులో సందర్శకులు తిరిగేది సుమారు కిలోమీటరున్నర. 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి రాశారు. 1980ల మొదట్లో డేనియల్ గెబావర్ నాయకత్వాన జర్మన్ బృందం వచ్చి లోపలంతా శోధించింది. తర్వాత పర్యాటక శాఖ దారులు, దీపాలు ఏర్పాటు చేసి 2002లో జనానికి తెరిచింది.

ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు దాకా అనుకుని వెళ్ళండి. పదిన్నరకల్లా టిక్కెట్టు చేతిలో ఉండాలి. అందుకు కారణం ఉంది. ఏ గుహలోనైనా ఉష్ణోగ్రత దాదాపుగా ఆ ప్రాంతపు ఏడాది సగటు దగ్గర నిలుస్తుంది. కొండల మీది బొర్రా చల్లగా ఉంటుంది, మైదానంలో ఉన్న బెలూం వెచ్చగా ఉంటుంది. పైగా గాలి వచ్చే దారి ఒక గొయ్యి. లోపలికి గొట్టాల ద్వారా గాలి పంపిస్తున్నా, మధ్యాహ్నానికి వందలమంది ఊపిరి, చెమట కలిసి ఉక్కపోత పెరిగిపోతుంది. "గుహ అంటే ఏసీలా ఉంటుంది" అనుకుని స్వెట్టరు తొడిగి పిల్లల్ని దింపేవాళ్ళు ఇక్కడ రోజూ కనిపిస్తారు. నూలు బట్టలు చాలు.

దిగే ముందు వరసగా చేయాల్సినవి:

1. అందరూ మూత్రవిసర్జన చేసి రావాలి. లోపల ఏర్పాటు లేదు, వెనక్కి రావడానికి చాలాసేపు పడుతుంది.
2. సంచులు కారులో వదిలేయండి. మనిషికి అరలీటరు నీళ్ళు, టార్చి, ఉబ్బసం ఉన్నవాళ్ళకు ఇన్‌హేలరు మాత్రం జేబులో.
3. కెమెరాను, ఫోనును ఏసీ నుంచి తీసి పది నిమిషాలు బయటి గాలిలో ఉంచండి. లేకపోతే తేమగాలి తగలగానే లెన్సు మీద ఆవిరి పడుతుంది. అలా పడితే తుడవొద్దు, దానంతటదే పోనివ్వండి.
4. ముందు ఒక పెద్ద, వెనక ఒక పెద్ద, పిల్లలు మధ్యలో. దారి చీలిన ప్రతిచోటా తలలు లెక్కపెట్టాలి.
5. తప్పిపోతే ఎక్కడున్నవాళ్ళు అక్కడే దీపం కింద నిలబడాలని పిల్లలకు ముందే చెప్పండి. వెతుక్కుంటూ నడవకూడదు.
6. గైడును అడిగి తీసుకోండి. పేర్లు పెట్టిన ఆకారాలు ఎవరూ చూపించకపోతే కంటికి ఆనవు.

గుండెజబ్బు ఉన్నవాళ్ళు, నిండు గర్భిణులు, ఇరుకు గదిలో ఊపిరాడనట్టు అనిపించేవాళ్ళు దిగకపోవడమే మంచిది. రెండేళ్ళలోపు పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకోవద్దు, కప్పు తక్కువున్న చోట వాళ్ళ తల కొట్టుకుంటుంది. ఛాతీకి కట్టుకోవాలి.

నేల మీద బావుల్లాంటి మూడు గోతులు ఉన్నాయి. మధ్యదే ద్వారం. మెట్లు దిగిన కొద్దిసేపట్లోనే చల్లగాలి ఆగిపోయి ముఖానికి వెచ్చటి తడి తగులుతుంది. అక్కడే అయిదు నిమిషాలు నిలబడండి. ఎవరికి ఇబ్బందో అక్కడే తెలిసిపోతుంది, వెనక్కి పంపడమూ తేలిక. ముందుకెళ్తే సింహద్వారం, కోటిలింగాలు, వేయి పడగల కప్పు, ధ్యానమందిరం, సప్తస్వరాల గుహ ఒక్కొక్కటీ వస్తాయి. మిలమిలలాడే తెల్లటి స్టాలక్టైట్ల (కప్పు నుంచి వేలాడే రాతి ఊడల) కోసం మాత్రమే చూస్తే బెలూం నిరాశపరుస్తుంది. దీని అందం గోడల్లో ఉంది. నీటి ప్రవాహం రాతిని గిన్నెలుగా తొలిచింది, కప్పును సుళ్ళుగా చెక్కింది. టార్చిని గోడకు ఆనించినట్టుగా పక్కనుంచి వేయండి, ఎదురుగా కాదు. అప్పుడు ఒక్కో గిన్నె అంచూ నీడ వేసి పైకి లేస్తుంది. నీరు ఎటునుంచి ఎటు పారిందో ఊహించమని పిల్లల్ని అడగండి.

సప్తస్వరాల గుహలో రాతి స్తంభాలు లోహంలా మోగుతాయి. గైడు తట్టి వినిపిస్తే వినండి, మీరు కొట్టొద్దు. ఊడలమర్రి దగ్గర పదినిమిషాలు కేటాయించండి. నిన్నటి మూడు దశల ఊడలు ఇక్కడ రాతిలో కనిపిస్తాయి: చుక్క వేలాడే సన్నటి మొన, సగం దిగినది, నేలనంటి స్తంభమైనది. మర్రి ఊడ ఒక మనిషి జీవితకాలంలో మానవుతుంది. రాతి ఊడ వెయ్యేళ్ళకు ఒక జానెడు పెరిగినా గొప్పే. చుక్క రాలేముందు అందులోని సున్నం కొంత రాతి మొనకు అంటుకుంటుంది. వేలితో తాకితే చేతి జిడ్డు అంటి, సున్నం పట్టడం అక్కడితో ఆగిపోతుంది. తాకొద్దని ఊరికే గద్దించకుండా ఈ కారణం చెబితే పిల్లలు నిజంగానే చెయ్యి వెనక్కి తీసుకుంటారు.

పాతాళగంగ అన్నిటికంటే లోతు, సుమారు 46 మీటర్లు. సన్నటి ధార పారుతూ వచ్చి అక్కడ రాతిలో మాయమవుతుంది. ఆ నీరు బెలూం ఊరి బావిలో తేలుతుందని అక్కడివాళ్ళ నమ్మకం. దిగే మెట్లు తడిగా ఉంటాయి. అప్పటికి నడక మొదలై గంట దాటుతుంది కాబట్టి, అలసిన పెద్దవాళ్ళు పైనే ఆగిపోతే మంచిది. మధ్యలో కరెంటు పోతే కంగారుపడి కదలొద్దు. అక్కడే కూర్చుని టార్చి ఒక్కటే వెలిగించి ఉంచండి.

మొత్తం రెండు గంటలు పడుతుంది. పైకి రాగానే చెమట బట్టలతో ఏసీ కారెక్కకండి. నీడలో ఇరవై నిమిషాలు కూర్చుని, ఓఆర్ఎస్ తాగి, బట్టలు మార్చుకోండి. భోజనం అక్కడి టూరిజం హోటల్లోనో తాడిపత్రిలోనో. ముప్పై కిలోమీటర్ల దారే గానీ లారీల వల్ల గంట పట్టొచ్చు. లారీల వరస మధ్యలో దూరి ఓవర్‌టేక్ చేయొద్దు. దుమ్ములో ఎదురుగా వచ్చేది కనబడదు.

తాడిపత్రిలో సాయంత్రం గుడులు తెరిచాక చింతల వెంకటరమణస్వామి ఆలయానికి వెళ్ళండి. చింతచెట్టులో స్వామి దొరికాడని ఆ పేరు. చెట్ల ప్రయాణంలో అదొక ముచ్చట. రాత్రి బస ఆ ఊళ్ళోనే.

మూడో రోజు: తాడిపత్రి – కదిరి – తిమ్మమ్మ మర్రిమాను (సుమారు 185 కి.మీ.)

ఆరింటికి బయల్దేరండి. నార్పల, బత్తలపల్లి, ముదిగుబ్బ మీదుగా కదిరికి మూడు గంటలు. దారిలో ఎక్కడైనా వేడివేడి ఉగ్గాణి, బజ్జీ కనబడితే ఆగండి. కదిరిలో ట్యాంకు నింపుకుని, నీళ్ళు పట్టుకుని కదలండి. అక్కడి నుంచి పాతిక కిలోమీటర్ల చిల్లర. చెట్టున్నది నంబులపూలకుంట మండలం గూటిబైలు దగ్గర, శ్రీ సత్యసాయి జిల్లాలో. 2022 ఏప్రిల్ దాకా ఇది అనంతపురం జిల్లా.

చాలామంది చేసే పొరపాటు, చెట్టు ముందు నిలబడి చెట్టు కోసం వెతకడం. దూరం నుంచి చూస్తే అది ఒక తోపులా ఉంటుంది. ఆ తోపంతా ఒకటే చెట్టు, సుమారు ఐదెకరాలు. గిన్నిస్ రికార్డుల పుస్తకంలో 1989లో ఎక్కింది. కథ ఇదీ: 1434లో భర్త బాలవీరయ్య చితిమీద తిమ్మమ్మ సహగమనం చేసిందట, ఆ చితికి నాటిన గుంజల్లో ఒకటి చిగిర్చి ఈ మానైందట. లోపల తిమ్మమ్మ గుడి ఉంది. పిల్లలు లేని దంపతులు మొక్కుకోవడానికి వస్తారు. వాళ్ళ మొక్కులకు అడ్డం పడేట్టు ఫోటోలు తీయకండి.

ఇక్కడ తొందరపడితే ఏమీ మిగలదు. పావుగంటలో చూసి "అంతేనా" అని తిరిగిపోయేవాళ్ళే ఎక్కువ. కనీసం రెండున్నర గంటలు పెట్టుకోండి. పిల్లలకు ఒక కొమ్మను ఎంచుకోమనండి, అది ఏ ఊడ మీద ఆనుకుందో చూసి, అక్కడి నుంచి అదే కొమ్మ తర్వాతి ఊడ దాకా, మళ్ళీ ఆ తర్వాతి దాకా తలెత్తి నడవమనండి. ఒక కొమ్మ అన్ని కాళ్ళు మార్చుకుంటూ ఎంత దూరం పోతుందో అప్పుడు ఒంటికి తెలుస్తుంది. కొన్నిచోట్ల నడిమి మాను కుళ్ళి పోయినా, రెండువైపులా ఊడలు నిలబెట్టిన భాగాలు పచ్చగానే ఉంటాయి. మర్రి వందల ఏళ్ళు బతకడం వెనకున్న కిటుకు అదే. పిల్లలమర్రి కొమ్మకు కాంక్రీటు దిమ్మె ఎందుకు కావలసి వచ్చిందో ఈ రెండూ చూసిన పిల్లలు వాళ్ళే చెబుతారు. లేత ఊడలు నేలను చేరేలోపు తెగిపోకుండా వెదురు బొంగుల్లోంచి దింపి పెంచే పద్ధతి ఉంది. అలాంటి బొంగు కనిపిస్తే కదిలించకండి.

ఫోటో విషయానికొస్తే, చెట్టంతా ఒక చిత్రంలో పట్టదు. ప్రయత్నిస్తే పచ్చటి గోడ వస్తుంది. ఒక ముదురు ఊడ పక్కన మనిషిని నిలబెట్టి, నిలువుగా తీయండి. పదిన్నర పదకొండు మధ్య ఆకుల సందుల్లోంచి పడే ఎండ చారలు బాగుంటాయి. కోతులు ఇక్కడా ఉన్నాయి, తిండి కారులోనే తినాలి. కొమ్మల కింద దుప్పటి పరిచి పడుకునే ముందు పైన ఎండుకొమ్మలు లేవని చూసుకోండి. ఈదురుగాలి మొదలైతే చెట్టు కింద ఉండొద్దు.

రాత్రికి కదిరి. ఖాద్రి నరసింహస్వామిని సాయంత్రం దర్శించుకుంటే, తెల్లారే ప్రయాణానికి ఒక పని తగ్గుతుంది.

హార్స్‌లీ హిల్స్ కలుపుకోవాలా?

తిమ్మమ్మ మర్రిమాను నుంచి హార్స్‌లీ కొండకు రెండు గంటల దారి. అక్కడ కల్యాణి అనే పెద్ద యూకలిప్టస్ ఉంది. కడప కలెక్టరుగా పనిచేసిన డబ్ల్యూ.డి. హార్స్‌లీ 1859లో నాటించినది. మర్రి అడ్డంగా పెరిగితే ఇది నిటారుగా పెరిగింది, రెండింటినీ ఒక్కరోజు తేడాలో చూడటం మంచి అనుభవం. కానీ హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్ళు ఐదో రోజు దొరికితేనే కలుపుకోండి. కొండ నుంచి ఒక్క రోజులో ఇంటికి చేరాలనుకుంటే అర్ధరాత్రి అవుతుంది. బెంగళూరు, తిరుపతి, మదనపల్లె వైపు వెళ్ళేవాళ్ళు తప్పక వెళ్ళొచ్చు. కొండ దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టి ఉంచకుండా రెండో గేరులో దిగండి. బ్రేకులు వేడెక్కి మాడు వాసన వస్తే పక్కకు తీసి ఇరవై నిమిషాలు ఆపండి, చక్రాల మీద నీళ్ళు పోయొద్దు.

నాలుగో రోజు: కదిరి నుంచి ఇంటికి

ఉదయం ఆరింటికి కదిరి వదిలితే ఎనిమిదిన్నరలోపు అనంతపురంలో టిఫిను, అక్కడి నుంచి 44వ నెంబరు రహదారి. కర్నూలు దాకా ఒకరు, ఆపైన ఇంకొకరు నడపాలి. ప్రతి రెండు గంటలకూ పది నిమిషాలు బండి దిగాలి. భోజనం తర్వాత మొదటి గంటలోనే కునుకు పట్టేది. ఆ గంట చక్రం పట్టేవాళ్ళు పెరుగన్నంతో సరిపెట్టుకోవాలి. కర్నూలు దగ్గర ఆగినప్పుడు టైర్ల మీద చెయ్యిపెట్టి చూడండి. మూడింటికంటే ఒకటి ఎక్కువ వేడిగా ఉంటే దాంట్లో గాలి తగ్గినట్టే. గాలి చూపించకుండా ముందుకు వెళ్ళొద్దు. శంషాబాద్ దగ్గర సాయంత్రం రద్దీ మొదలయ్యేలోపు, నాలుగున్నరకల్లా ఊళ్ళోకి రావాలంటే కర్నూలు నుంచి పన్నెండున్నరకు కదలాలి.